నిప్పుల్లో పడిన రొట్టెలు

రొట్టెలు కాల్చే సోతిబోల్ది ఉస్తాని, అంటే మేస్త్రీని, ఒకచోట కూర్చోబెట్టడం కోకంద్‌లో ఎవరి వల్లా కాలేదు. టీకొట్లో తోటివాళ్లంతా పరుపుల మీద కాళ్లు చాపుకుని కబుర్లాడుతుంటే ఆయన నిలబడే ఒక గిన్నెడు టీ గొంతులో పోసుకుని వెళ్లిపోతాడు. పెళ్లికి పిలిస్తే పులావు వడ్డించేలోగా వంటవాళ్ల దగ్గరికి మూడుసార్లు వెళ్లొస్తాడు. నూటపద్దెనిమిది కిలోల మనిషి అలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే చూసేవాళ్లకే ఆయాసం వచ్చేది. ఆయనకి రాదు, వచ్చినా ఒప్పుకోడు.

ఆ పేరుకి కూడా ఒక కథ ఉంది. ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే, నాలుగోవాణ్ని పక్కింటివాళ్లకి అమ్మేసినట్టు నటించి, జల్లెడనిండా పిండి ఇచ్చి మళ్లీ తెచ్చుకుని, ‘అమ్ముడుపోయాడు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు పెద్దవాళ్లు. అలా చావుని ఏమార్చారన్నమాట. ఆ ఏమారిన చావు యాభైఎనిమిదేళ్లకి దారి కనుక్కుని నేరుగా తందూరు దగ్గరికే వచ్చిందని ఆయన భార్య తోజిఖాన్ నమ్మకం.

ఆమె అలా నమ్మడానికి కారణం లేకపోలేదు. వీధివైపు గోడకి ఆనించి కట్టిన మట్టి తందూరు వాళ్లది. లోపల తోజిఖాన్ పిండి కలిపి, బిళ్లలు చేసి, పలక మీద పేర్చి తెచ్చిపెడుతుంది. ఉస్తా ఒక్కో బిళ్లనీ చేతికి తొడుక్కున్న దూది మెత్త మీద పరిచి, నడుము దాకా లోపలికి వంగి, కాలుతున్న గోడకి చరిచి, చెయ్యి కమిలేలోగా బయటికి రావాలి. ముప్పైతొమ్మిదేళ్లుగా రోజుకి నూటయాభైసార్లు వంగి లేచిన నడుము అది. ఆ ఏడు వసంతంలో ఒక మధ్యాహ్నం వంగినవాడు లేవలేదు. కళ్లు చీకట్లు కమ్మి, పొట్ట తందూరు నోటికి అడ్డంపడి, అలాగే వేలాడాడు. రొట్టెల కోసం వచ్చిన తోజిఖాన్ తమ్ముడు తుర్సునలి చూశాడు కాబట్టి సరిపోయింది. నడుముకి కట్టుకున్న గుడ్డ పట్టుకుని బయటికి లాగాడు. ఉస్తా చొక్కా చెయ్యి కాలింది, ఒక కనుబొమ్మ మాడింది.

“బావా, మిమ్మల్ని లాగేసరికి నా నడుం పట్టేసింది. ఈసారి పడేముందు ఒక కబురు పంపండి, ట్రాక్టర్ తెచ్చుకుంటాను” అన్నాడు తుర్సునలి.

ఉస్తా నవ్వలేదు. తుర్సునలి ఆ తందూరు దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు బజారులో వేరేవాళ్ల తందూరు దగ్గర చేస్తున్నాడు. చెడ్డవాడేం కాదు. కానీ ఆ పూట మిగిలిన బిళ్లలన్నీ అతనే చరిచాడు, ఒక్కటి కూడా జారలేదు. ఉస్తా నీళ్లచెంబు పట్టుకుని పక్కన నిలబడి అదంతా చూడాల్సి వచ్చింది.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టర్ ముహయ్యో నెత్తురు పరీక్ష కాగితం చూసి కళ్లద్దాలు తీసింది. ఆ అమ్మాయి ఉయ్యాల పండక్కి రొట్టెలు చేసింది ఉస్తానే. ఆయన్ని అమకీ అని పిలుస్తుంది, అంటే బాబాయి వరుస.

“అమకీ, చక్కెర పద్నాలుగు ఉంది. ఏడు దాటకూడదు. మీరు రోజుకి ఎన్ని రొట్టెలు తింటారు?”

“అందరూ తిన్నన్నే తింటాను.”

“అందరి సంగతి అడగలేదు.”

ఆమె వదల్లేదు. తెల్లపిండి రొట్టె కడుపులో పడ్డాక ఎంతో సేపు నిలవదనీ, తొందరగా చక్కెరై నెత్తుట్లో కలిసిపోతుందనీ, అందుకే గంట తిరక్కుండా మళ్లీ ఆకలేస్తుందనీ చెప్పింది. గింజ పొట్టులో పీచు ఉంటుంది, పెసల్లో, శనగల్లో, ముల్లంగిలో, ఆకుకూరల్లో ఉంటుంది. అది కడుపులో నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, తొందరగా కదలదు, చక్కెరని ఒక్కసారిగా పోనివ్వదు, ఆకలిని ఆపుతుంది. ఒక్క పీచుతోనే అంతా అయిపోదు, మాత్రలూ వేసుకోవాలి, తిండీ తగ్గాలి. కానీ పీచు లేకపోతే ఆ తగ్గించడం మీవల్ల కాదు అంది.

“పొట్టా?” ఉస్తా కుర్చీలోంచి లేచాడు. “నేను జల్లించి మన వీధి మమసోలి పొట్టేలుకి పంపేది, ఆ పొట్టేనా?”

“అదే.”

“అమ్మా, ఆ పొట్టు తినే కదా ఆ పొట్టేలు ఎద్దంత అయింది! నన్నూ అలా మేపుతావా?”

“పొట్టేలుకి నాలుగు అరల కడుపు అమకీ. నెమరేసి పీచునంతా అరిగించుకుంటుంది, కండ పడుతుంది. మనకి అది అరగదు. అరగదు కాబట్టే కడుపు నిండుతుంది, ఒళ్లు పెరగదు. కూర్చోండి ముందు.”

ఆయన కూర్చోలేదు. తోజిఖాన్ మాత్రం కూర్చుని అన్నీ విని, ఇంటికొచ్చాక తన మాట చెప్పింది.

“పిల్లల నాన్నా, వినండి. చలికాలం ముందు ద్రాక్షతీగల్ని మట్టిలో పూడ్చేనాటి దాకా చూస్తాను. అప్పటికి చక్కెర దిగి మీ నడుం వంగిందా సరే. లేదా, తందూరు తుర్సునలిది. మీరు గుమ్మం దగ్గర పీట వేసుకు కూర్చుని అమ్మండి.”

కూర్చుని! ఉస్తాకి తల కొట్టేసినట్టయింది. ఆ తందూరు దగ్గర నిలబడకపోతే తానెవరో ఆయనకి తెలీదు. తండ్రి అక్కడే నిలబడ్డాడు. ఆ తండ్రి చిన్నప్పుడు యుద్ధం రోజుల్లో పొట్టూ పత్తిగింజల చెక్కా కలిపిన నల్లరొట్టె తిని పెరిగాడు, చెల్లెల్ని ఆ రొట్టెకి కూడా లేక పోగొట్టుకున్నాడు. “నా తందూరు గోడకి నల్లరొట్టె అంటుకోకూడదు” అన్నది ఆయన పెట్టిన నియమం. పిండిని రెండుసార్లు జల్లించడం ఆ ఇంటి పరువు. ఇప్పుడు ఆ పరువే తన ఒళ్లు తినేస్తోందంటే ఉస్తాకి కోపం రాకుండా ఎలా ఉంటుంది?

అయినా మనిషి మాటకి కట్టుబడ్డాడు. భోజనాల గుడ్డ మీద సగం రొట్టెకి మించి ముట్టుకోలేదు. టీలో చక్కెర మానేశాడు. పులావు వారానికోసారి, అది కూడా చిన్న గిన్నెలో. పెసలు, బియ్యం కలిపి ఉడికించిన కిచిడీ పెడితే మొహం మాడ్చుకుని తిన్నాడు. రాత్రి పడుకున్నా ఒక కాలు ఆడుతూనే ఉండేది. ఆకలి ఒక పక్క, ద్రాక్షతీగలు ఒక పక్క. ముంగిట్లో ఆ తీగలకి కొత్త ఆకు వస్తే పిల్లలు సంతోషించారు గానీ, ఉస్తాకి మాత్రం రోజులు గడిచిపోతున్నట్టు కనిపించింది.

నడివేసవిలో మళ్లీ ఆసుపత్రికి వెళ్లారు. చక్కెర పద్నాలుగే. బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదు.

డాక్టర్ ముహయ్యో కాగితం వంక, ఆయన వంక చూసింది. తోజిఖాన్ అయితే చూడనే లేదు. బయటికొచ్చాక మల్బరీ చెట్టు నీడలో నిలబడి, “టీకొట్లో తింటున్నారా? బజారులోనా? నాకు చెప్పండి, తిడతాను, అంతే కదా” అంది.

“సగం రొట్టె. నువ్వు పెట్టిందే. అంతకు మించి తింటే ఆ రొట్టే నన్ను కొట్టాలి.”

ఆమె నోరు మూసుకుంది. మా ఊళ్లో రొట్టె మీద ఒట్టు వేశాక ఇక అడగడం ఉండదు. కింద పడ్డ తునకని కూడా కళ్లకద్దుకుని ఎత్తుగా పెట్టే మనుషులం, దాని మీద అబద్ధం ఆడతామా? పైగా రొట్టెలు చేసేవాడు!

కానీ బరువు అబద్ధం చెప్పదు కదా. తోజిఖాన్ మూడు రోజులు ఆలోచించింది. నాలుగో రోజు మధ్యాహ్నం పలక తెచ్చిపెట్టి, లోపలికి వెళ్లినట్టే వెళ్లి, తలుపు చాటున నిలబడింది.

ఉస్తా వంగాడు, చరిచాడు, లేచాడు. మళ్లీ వంగాడు. పది బిళ్లలు బాగానే అంటుకున్నాయి. పదకొండోది అవతలి గోడకి అందలేదు, జారి నిప్పుల్లో పడింది. ఆయన ఊచతో దాన్ని పైకి లాగి, వీధి అటూ ఇటూ చూసి, బూడిద ఊది, మాడిన అంచు చిదిపి పిచ్చుకలకి వేసి, మిగిలింది నాలుగు ముక్కల్లో నోట్లో కుక్కుకున్నాడు. ఆ వాయిలో ఇంకొకటి పడింది, అదీ లోపలికి పోయింది. సాయంత్రానికి అయిదు పడ్డాయి. ముక్క మిగల్లేదు.

తోజిఖాన్ బయటికొచ్చింది. ఆయన నోరు ఇంకా ఆడుతోంది.

“అయిదు” అంది.

“ఏమిటి అయిదు?”

“మింగండి ముందు. తర్వాత అడగండి.”

ఆయన మింగాడు. కష్టంగా దిగింది. “ఇది తినడమా తోజీ? నిప్పుల్లో పడ్డ రొట్టె అమ్మలేం. పారేస్తే పాపం. మరి ఏం చెయ్యమంటావ్? నాన్నా ఇలాగే చేసేవాడు. ఇది తినడం కాదు, ఎత్తిపెట్టడం.”

“మామగారికి నెలకొకటి పడేది. మీకు ఒక్క పూటలో అయిదు పడ్డాయి. ఎప్పట్నించి?”

ఆయన చేతిమెత్త తీశాడు, మళ్లీ తొడుక్కున్నాడు, మళ్లీ తీశాడు. ఏడాది పైగా. ముందు వేళ్లు తిమ్మిరెక్కాయి, తర్వాత చూపు మసకేసింది, ఆ తర్వాత పొట్ట అడ్డొచ్చి చెయ్యి అవతలి గోడకి చేరడం మానేసింది. పడ్డ రొట్టె గట్టు మీద పెడితే ఎవరైనా లెక్కపెడతారు. అందుకే ఒక్కటి కూడా మిగల్చలేదు. తినేకొద్దీ పొట్ట పెరిగింది, పొట్ట పెరిగేకొద్దీ రొట్టెలు పడ్డాయి, పడేకొద్దీ తిన్నాడు. అన్నీ చెప్పాడు, గోడకేసి తిరిగి చెప్పాడు. ఆకలేసి తినలేదు, సిగ్గేసి తిన్నాడు. తోజిఖాన్‌కి కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది.

“రొట్టె మీద ఒట్టేశారు” అంది చివరికి.

“తినడం అనుకోలేదు. నిజంగా అనుకోలేదు.”

అది నిజమే. అయినా మర్నాడు ఒట్టు పాపం పోవడానికి ఏడిళ్లకి ఏడేసి రొట్టెలు పంచొచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే పారిపోయేవాడు.

ఆ రోజు నుంచి తోజిఖాన్ పిండి పనులు కోడలికి అప్పగించి తందూరు పక్కనే పీట వేసుకుంది. ఆయన వంగినప్పుడల్లా నడుముగుడ్డ కొస పిడికిట్లో బిగించి పట్టుకునేది. దారినపోయేవాళ్లు “ఏం ఉస్తా, తాడేసి కట్టేశారే” అనేవాళ్లు. పడ్డ రొట్టెలు బుట్టలో పడేవి, సాయంత్రం ఆ బుట్ట మమసోలి ఇంటికి పోయేది. పొట్టేలు తినాల్సిన పొట్టు ఉస్తా ఇంట్లో ఉండిపోయింది. ఇన్నాళ్లూ రొట్టె మనిషికి, పొట్టు పొట్టేలుకి. ఇప్పుడు రెండూ తారుమారు.

ఉస్తా ఏదీ నెమ్మదిగా చేసే మనిషి కాదు. డాక్టర్ రోజుకి రెండు చెంచాలతో మొదలుపెట్టమంటే, ఈయన గుప్పెళ్లకొద్దీ పొడి పొట్టు బుక్కేశాడు. అదీ నీళ్లు తాగకుండా. పొట్ట బిగుసుకుపోయి, రెండు రోజులు ముంగిట్లో వంగి తిరిగాడు. వినకూడని చప్పుళ్లు వినపడితే కోడలు మర్యాదగా రేడియో పెంచింది.

“పొట్టేలు కూడా పొట్టు నీళ్లలో తడిపితేనే తింటుంది అమకీ” అంది డాక్టర్. “పీచు నీళ్లు అడుగుతుంది. కొద్దికొద్దిగా పెంచండి, నీళ్లు తాగండి. మీరు ఉబ్బితే ఉబ్బారు, నన్ను తిట్టుకోకండి.”

అప్పుడు ఆయన బుద్ధి తన పని మీదికి మళ్లింది. పొట్టు జల్లించకుండా పిండి కలిపి చూశాడు. ముద్ద బరువుగా, బద్ధకంగా ఉండి గోడకి అంటుకోలేదు. మొదటిరోజు చేసిన నాలుగూ నిప్పుల్లోనే పడ్డాయి. ఉస్తాకి ఒళ్లు మండిపోయింది. ముప్పైతొమ్మిదేళ్ల చెయ్యి ఒక పొట్టుపిండికి లొంగడమా? నీళ్లు పెంచాడు. పిండిని రెండింతల సేపు నాననిచ్చాడు. నాననివ్వడమంటే ఎదురుచూడడం కాబట్టి ఆ సేపంతా ముంగిట్లో అటూ ఇటూ నడిచాడు. రోజుకి ఎన్నిసార్లు నడిచాడో తోజిఖాన్ లెక్కపెట్టలేదు గానీ గేటు దాకా గడ్డి చచ్చిపోయి దారి పడింది. పదో రోజున రొట్టె గోడకి అంటుకుంది. బయటికి తీసి, ముదురురంగు మొహం మీద నల్లజీలకర్ర చూసి, తండ్రి గుర్తొచ్చి కాసేపు ముట్టుకోలేదు. తర్వాత సగం తిన్నాడు, మళ్లీ సాయంత్రం దాకా ఆకలి వెయ్యలేదు. దానికి ఆయన ఆశ్చర్యపోయాడు. చిన్నప్పటినుంచీ ఆకలి తన గుణమే అనుకున్నాడు.

ఒకరోజు మమసోలి ఖాళీ బుట్ట ఊపుకుంటూ వచ్చాడు. పొట్టేళ్ల పందేలంటే ప్రాణమిచ్చే మనిషి.

“ఉస్తా! నీకేం అన్యాయం చేశాన్రా? నాలుగేళ్లు పెంచాను దాన్ని. ఆదివారం రెండు ఢీలకే వెనక్కి తిరిగి పడుకుంది. నీ తెల్లరొట్టెలు తిని తిని పొట్ట ఉబ్బిపోయింది. నాకు రొట్టెలొద్దు, నా పొట్టు నాకివ్వు!”

“పొట్టు లేదు.”

“ఏమైంది?”

“తినేశాను.”

మమసోలి ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు. నడుముగుడ్డ ముడి వెనకటి కంటే జానెడు లోపలికొచ్చింది. గట్టు మీద నల్లరొట్టె కనిపించింది. మెల్లిగా అడిగాడు, “పిండి అయిపోయిందా ఉస్తా? చెప్పు, మాకు రెండు బస్తాలు ఉన్నాయి.” ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. ఉస్తాకి అది ఎగతాళి కంటే ఎక్కువ గుచ్చుకుంది.

“పిండి ఉంది. చక్కెర ఎక్కువైంది” అన్నాడు. ఆ మాట బయటివాళ్లతో అనడం అదే మొదటిసారి. మమసోలి గట్టు మీద కూర్చుని, చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించాడు. ఉస్తా వేసుకునే మాత్రే అది. వెళ్లేటప్పుడు మమసోలి ఒక నల్లరొట్టె చంకలో పెట్టుకుపోయాడు.

చలి మొదలైంది. తుర్సునలి పార తెచ్చి ద్రాక్షతీగల్ని పందిరి మీంచి దింపి, చుట్టలు చుట్టి, గోతుల్లో పరిచి మట్టి కప్పాడు. ఉస్తా అతని చుట్టూ తిరుగుతూ, “ఇంకా వారం ఆగొచ్చు కదా, మంచు పడలేదుగా” అని నాలుగుసార్లు అన్నాడు. తుర్సునలి నవ్వి ఊరుకున్నాడు.

డాక్టర్ కాగితం ఆ వారమే వచ్చింది. చక్కెర ఎనిమిదిన్నర, బరువు నూటతొమ్మిది. “ఏడు కాలేదు” అన్నాడు ఉస్తా. “పద్నాలుగు కూడా కాదు కదా” అంది డాక్టర్. “ఇలాగే తినండి, మాత్రలు ఆపకండి. తందూరు సంగతి నన్ను అడక్కండి, అది మీ ఇంటి పంచాయతీ.”

ఆ పంచాయతీ తందూరు దగ్గరే జరిగింది. వీధి చివర పెళ్లికి నూరు రొట్టెలు కావాలన్నారు. తుర్సునలి కూడా వచ్చాడు, తన చేతిమెత్త తెచ్చుకునే వచ్చాడు. ఉస్తా దాని వంక చూడకుండా మొదలుపెట్టాడు. వంగాడు, చరిచాడు, లేచాడు. ఇరవై, నలభై, అరవై. వేళ్ల తిమ్మిరి పూర్తిగా పోలేదు, కానీ పొట్ట తందూరు నోటికి తగలడం లేదు, చెయ్యి అవతలి గోడని తాకుతోంది. తొంభై దాటాక ఒకటి జారింది.

నిప్పుల్లో మెత్తటి చప్పుడైంది. వీధిలో వాళ్లెవరూ చూడలేదు. తుర్సునలి సంచీల వైపు తిరిగి ఉన్నాడు. ఉస్తా ఊచతో రొట్టెని పైకి లాగాడు, బూడిద ఊదాడు. వేడి తెల్లరొట్టె వాసనకి నోరంతా నీళ్లూరింది. ఏడాది పైబడ్డ అలవాటు, చెయ్యి సగం దూరం లేచింది కూడా. అక్కడ ఆగింది. ఆయన రొట్టెని కళ్లకద్దుకుని, అందరికీ కనిపించేలా గట్టు మీద పెట్టాడు.

“తోజీ, ఒకటి పడింది. లెక్కపెట్టుకో.”

తుర్సునలి తిరిగి చూశాడు. తనని పట్టుకుని వెనక ఉండాల్సిన చోట తోజిఖాన్ లేదని అప్పుడు తెలిసింది ఉస్తాకి. నడుముగుడ్డ కొస ఖాళీగా వేలాడుతోంది. ఆమె అవతల బల్ల దగ్గర, కాలిన రొట్టెల మొహాలకి నీళ్లు చిలకరిస్తోంది. ఎప్పుడు వదిలేసిందో ఆయన గమనించనే లేదు.

“ఎప్పుడు వదిలావ్?”

“ముప్పయ్యో రొట్టె దగ్గర” అంది ఆమె, తలెత్తకుండా. “ఇంకా ఎనిమిది ఉన్నాయి, కానివ్వండి. ఒరే తుర్సూ, ఆ చేతిమెత్త సంచీలో పెట్టుకో, ఈ రొట్టెలు పెళ్లివారింటికి మొయ్యి.”

ఉస్తా మళ్లీ వంగాడు.